కుజుడి దుమ్ము మీద కళ్ళాపి

మా పావాయి కంటికి దుమ్ము కనపడకూడదు. కనపడిందా, ఆ దుమ్ము పని అయిపోయినట్టే.

నాకు పెండ్లామై వచ్చిన నాటినుంచి చూస్తా ఉండా, దాని చేతిలో పరక లేని పూట లేదు. ఆత్తూరు రోడ్డులో మా సగ్గుబియ్యం మిల్లు ఆడతా ఉన్నన్నాళ్ళూ అందురూ కర్రపెండలం పిండిలో తెల్లగా దయ్యాల మాదిరి తిరిగితే, ఇది మాత్రం చీర దులుపుకుంటా తిరిగేది. మిల్లు మూతబడినాక యజమాని మమ్మల్నిద్దర్నీ కాపలాకి పెట్టె. కాపలా నాది, ఊడ్చేది దానిది. ఎవురూ తొక్కని గచ్చుని రోజూ ఊడ్చి, కళ్ళాపి చల్లి, గేటుకాడ ముగ్గేసేది.

"ఎవురొస్తారని ఏస్తావే?" అని అడిగితే, "ముగ్గు లేని వాకిలి చూస్తే ఇంట్లో పీనుగ ఉండాదనుకుంటారు. నువ్వింకా బతికే ఉండావు కదా," అనేది.

అట్లాంటి దాని వాకిట్లోకి దుమ్ము తెచ్చిరి. బెంగుళూరు నుంచి. లారీల్లో.

తెచ్చిన పిల్ల పేరు కయల్విళి. తంజావూరు పక్క పిల్ల, బెంగుళూరులో రాకెట్ల ఆఫీసులో ఉద్యోగం. కుజుడి మీదికి ఒక బండి పంపాలంట. పంపే ముందర ఆ బండి ఈడ నడిచి చూపించాలంట. సగ్గుబియ్యం ఆరబోసే గచ్చు మాది ఎంత పెద్దదంటే, ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన ఉన్నోడికి సగం మాటే వినపడతాది. చెట్టూ లేదు చేమా లేదు. అందుకని మా మిల్లే కావాలని వచ్చిరి.

లారీ తలుపు తీస్తే మా పావాయి నోరు తెరిచేసె. జాజు రంగు దుమ్ము. మైదా కన్నా మెత్తన. మా పక్క కంజమలై కొండ రాయి, ఇంకా ఏవేవో రాళ్ళు కలిపి దంచి, పదేపదే జల్లించి చేసిందంట.

"ఏం అమ్మణ్ణీ, మా ఊర్లో దుమ్ము లేదనుకుంటివా, ఇంత దూరం మోసుకొచ్చినావు?"

"ఇది మామూలు దుమ్ము కాదవ్వా. కుజుడి మీద ఎట్లుంటాదో అట్ల చేయించింది."

"అంటే దొంగ దుమ్ము."

"దొంగ దుమ్మే," అని ఆ పిల్ల నగె. నగితే మంచిగా ఉంటాది. ముప్పై దాటినాయి, పెండ్లి కాలేదు. ఎందుకు కాలేదో మా పావాయి ఆ సాయంత్రానికే లాగేసె. జాతకంలో కుజదోషం అంట.

"కుజదోషం ఉంటే కుజుడి గుడి, వైదీశ్వరన్ కోయిల్‌కి పోయి దీపం పెట్టాల గానీ, నేరుగా ఆయన ఇంటికే బండి తోలతావా తల్లీ?"

"దీపాలు మా అమ్మ పెట్టి చూసేసిందవ్వా. నేను నేరుగా పోయి అడిగేస్తా."

ఇంక బండి సంగతి. ఎత్తు ఒక మేకపిల్లంత. ఆరు చక్రాలు. వీపు మీద నల్ల పలకలు, ఎండ తాగి బతికేదానికి. పొడుగు మెడ, మెడ మీద రెండు కండ్లు. ముందరి పక్క సన్నంగా ఒక ఇనప పుల్ల. దానికేదో నోరు తిరగని పేరుంది. మా పావాయి మేకపిల్ల అనె, అందురికీ అదే పేరు నిలిచిపోయె. నడక కూడా మేక నడకే. నాలుగడుగులు వేస్తాది, ఆగి వాసన చూస్తాది, మళ్ళీ నాలుగడుగులు.

"దుమ్ములో అంత ఏముందమ్మా చూసేదానికి?" అని నేను అడిగితి.

"అన్నీ దుమ్ములోనే ఉంటాయి తాతా. ఆడ ఒకప్పుడు నీళ్ళు పారినాయా లేదా, గాలి ఎటునుంచి తోలతాది, రాయి ఏ రాయి. కన్ను రంగు చూస్తాది. పొట్ట కింద అయస్కాంతం ఉంది, ఇనుము రజను దానికి అంటుకుంటాది, ఎంత అంటింది, ఎట్లాంటిది అంటింది చూసుకుంటాది. ఇదిగో, ఈ వేలు." ఆ ఇనప పుల్లను ఆవుదూడ ముట్టె నిమిరినట్టు నిమిరె. "ఇది నేలని పొడిచి చూస్తాది. పైన ఎట్లుంది, లోపల ఎట్లుంది. ఇది నాది తాతా. నా తలకాయలోనుంచి వచ్చింది."

కండ్లు చేసినోడు వేరే. బెనెడిక్ట్ అని నాగర్‌కోయిల్ పిల్లోడు. వాడి నోరు చింతపండు, అన్నీ పుల్లవిరుపు మాటలే.

"తాతా, ఈమె మేకపిల్లకి ఊతకర్ర చేసింది. కండ్లు సరిగా ఉన్నోళ్ళకి ఊతకర్ర ఎందుకు చెప్పు?"

"నీ కండ్లు సరిగా ఉంటే పొద్దున గేటుకి ఎందుకు గుద్దుకుంటివి?" అని ఆ పిల్ల.

ఇట్ల పొద్దస్తమానం కొట్టుకునేవాళ్ళు. ఆ కొట్లాటలో నగు సగమే. బండి బరువు ఎక్కువైందంట. ఏదో ఒకటి తీసెయ్యాల. పెద్దాఫీసరు హొళ్ళ గారనే మంగుళూరు పక్క ఆయన, వేలు తీసేద్దాం, కండ్లు చాలు అంటా ఉండాడంట. ఆయనే వచ్చి బండి నడక చూసి, వేలు ఉండాల్నా పోవాల్నా ఆ పొద్దే తేల్చేస్తాడంట. తేల్చినాక మార్చేది లేదంట. ఆ పిల్ల ఎన్నో ఏండ్లు దాంతోనే కూర్చునింది. అది తీసేస్తే బండి పోతాది గానీ, ఆ పిల్లది ఏమీ కుజుడి దాకా పోదు.

పరీక్ష ఎట్లంటే, గచ్చంతా పల్చగా దుమ్ము పరిచిరి. మా గచ్చు నడుమ కర్రపెండలం పాలు తేర్చే పాత తొట్టి ఒకటి ఉండాది, నేలకి సమంగా. దాన్ని అంచుదాకా దుమ్ముతో నింపిరి. తొడలోతు. పైన చూస్తే తొట్టి యాడుందో తెలీదు. మేకపిల్ల దానంతట అదే ఆ మెత్తన చోటు కనిపెట్టి తప్పుకోని పోవాల. హొళ్ళ గారికి కూడా అది యాడుందో చెప్పకూడదు. ఎవురూ సైగ కూడా చెయ్యకూడదు. అట్ల కట్టుబాటు.

పరిచినాక చుట్టూ తాడు కట్టి, ఆ పిల్ల మా పావాయిని పిలిచె. పిలిచేదానికి కారణం ఉండాది. అంతకు ముందే ఒక గలాటా అయింది. మేకపిల్ల వీపు మీద రోజుకి ఎంత దుమ్ము పడతాది, పడితే ఎంత ఎండ తగ్గిపోతాది అని వీళ్ళు లెక్క చూస్తా ఉంటే, మా పావాయి రోజూ సాయంత్రం పోయి కొంగుతో శుభ్రంగా తుడిచి వచ్చేది. కుజుడి మీద దుమ్మే పడదు, బండికి ఆకలే లేదు అని బెంగుళూరికి రాసేయబోయిరి. బెనెడిక్ట్ పొట్ట పట్టుకోని నగె, ఆ పిల్ల తల పట్టుకునె.

అందుకని ఈసారి గట్టిగా చెప్పె. "అవ్వా, తాడు లోపల పరక పెట్టకూడదు. నా మీద ఒట్టు."

"పెట్టను తల్లీ. ఒట్టు."

మా పావాయి ఒట్టు తప్పే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు.

హొళ్ళ గారు వచ్చే పొద్దు నేను టీ తాగొద్దామని రోడ్డుకి పోతి. టీకొట్టు కాడ ఎవురో ఎలక్షన్ మాట ఎత్తిరి, అది తెమిలేదానికి కొంచెం పొద్దెక్కె. తిరిగి వచ్చి గేటు తీస్తే, ముందర వాసన తగిలె. పచ్చి పేడ వాసన. మంచి వాసనే, మన వాకిలి వాసన. కానీ ఈ పొద్దు రావాల్సిన వాసన కాదు.

గచ్చు ఈ కొసనుంచి ఆ కొస దాకా కళ్ళాపి. తాడు లోపల, తాడు బయట. ఎర్ర దుమ్మంతా తడిసి, నున్నగా, మట్టి అలికిన అరుగు మాదిరి. ఎదురుగా, తొట్టికి అవతల పక్క, బియ్యప్పిండితో ముగ్గు. చుక్కలు, మెలికలు, తీగలు, తామరపూలు. ఎర్ర నేల మీద తెల్ల ముగ్గు, నా కండ్లతో అట్లాంటిది నేను చూడలేదు. తప్పు చేసిందని తిట్టేదానికి నోరు తెరిచి, బాగుందని మూసుకుంటి.

అంతలో కయల్, బెనెడిక్ట్ జీపు దిగిరి.

బెనెడిక్ట్ మొదట పకపకా నగె. ఆ పిల్ల మొఖం చూసి ఆపేసె.

ఆ పిల్ల అరవలేదు. ఏడవలేదు. తాడు పట్టుకోని మెల్లగా నేల మీద కూర్చునేసె. అరిచి ఉంటే నాకు అంత భయమేసేది కాదు.

"అవ్వా," అనె.

"పరక పెట్టలేదు తల్లీ," అని మా పావాయి. "నీ మీద ఒట్టు, తాకించను కూడా లేదు. నీళ్ళే కదా చల్లింది."

"ఎందుకవ్వా?"

"ఎందుకేమి? పెద్దాయన వస్తా ఉండాడు. నీ వేలు కోసేస్తాడని అన్నం తినకుండా ఉండావు. పొడి వాకిట్లోకి వచ్చినోడి నోట్లో మంచి మాట ఎట్లొస్తాది? తొట్టి యాడుందో నాకు తెలుసు, అందులో అడుగు పెట్టలేదు. గట్టున నిలబడే చల్లితి. ముగ్గు కూడా అవతలే ఏస్తి."

ఆ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకునె. ఎండెక్కతా ఉండె. నేల చూస్తా ఉండగానే ఆరిపోతా, పెళుసు బారతా ఉండె.

"హొళ్ళ సారుకి ఫోన్ చేసి రేపు రమ్మందామా?" అని బెనెడిక్ట్, ఆ పొద్దు నిజంగా మెత్తగా అనె.

"రేపటికి వేలు పోయినట్టే. బరువు లెక్క ఈ పొద్దు మూసేస్తారు. వేరే దుమ్ము పరిచేదానికి లేదు." ఆ పిల్ల లేచి ముక్కు తుడుచుకునె. "పోనీ బెన్నీ. కుజుడి మీద మాత్రం మనకి ముందే చెప్పి పరుస్తారా ఏంది, దుమ్ము?"

హొళ్ళ గారు వచ్చె. పొడుగాటి మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. ముగ్గు చూసి నిలబడిపోయె. కయల్ దాచకుండా చెప్పేసె. సార్, నేల తడిసింది, అవ్వ కళ్ళాపి చల్లింది, మేం అనుకున్న నేల ఇది కాదు.

ఆయన బూటుతో నేలని రెండుసార్లు తట్టి చూసె. టక్ టక్ అనె. కింద గచ్చు కదా ఆడ.

"రోడ్డు మాదిరి గట్టిపడింది. ఇంకా మంచిదే, సులువు. నడిపించండి. ఇంత గట్టి నేల మీద కూడా మీ వేలు వద్దు వద్దు అంటా కూర్చుంటే మాత్రం, దాన్ని ఈడనే విప్పేద్దాం."

మేకపిల్ల బయలుదేరె. నాలుగడుగులు, ఆగు. వేలుతో పొడుచు. నాలుగడుగులు, ఆగు. మా పావాయి నా చెయ్యి పట్టుకునె. ఇన్నేండ్లలో అందురి ముందర నా చెయ్యి పట్టుకున్నది అదొక్కసారే.

పోయి పోయి, ఒక చోట ఆగె. వేలు దింపె. ఎత్తె. మళ్ళీ దింపె. ఇంక కదల్లేదు.

"ఏమైంది?" అని హొళ్ళ గారు.

బెనెడిక్ట్ తన కంప్యూటర్ పెట్టెలో చూసి, "సార్, కన్ను పొమ్మంటా ఉంది. ముందర అంతా ఒకటే నేల అంటా ఉంది."

"వేలు?"

"వద్దంటా ఉంది సార్," అని కయల్.

మా పావాయి నా చెవిలో అనె, "ఈ పిల్లకాయలకన్నా దానికే మర్యాద తెలుసు చూడు. ముందర ముగ్గుందని తొక్కలేదు."

ముగ్గు కాదు, తొట్టి. మేకపిల్ల తొట్టి అంచున నిలబడి ఉండె. అది నాకు తెలుసు, కయల్‌కి తెలుసు, బెనెడిక్ట్‌కి తెలుసు. హొళ్ళ గారికే తెలీదు.

"చూడండి," అని ఆయన. "గట్టి నేల మీద నిలబడి భయపడతా ఉంది. కోట్ల మైళ్ళు పోయి ఆడ నిలబడి ఇట్ల భయపడితే ఏం చేస్తారు? ఒకటి చెప్తే ఇంకొకటి కాదంటాది. రెండు పెండ్లాల ఇల్లు మాదిరి."

"సార్, ఆ పక్కకి..." అని కయల్ అనబోయె.

"సైగలు వద్దు. కట్టుబాటు మీరే పెట్టినారు."

"అయ్యా, ఆడ తొ..." అని మా పావాయి ఎత్తుకునె.

"అవ్వా, మీరు కూడా మాట్లాడొద్దు." చెయ్యి ఎత్తి అందుర్నీ ఆపేసె. "నేనే నడిచి చూపిస్తాను."

నడిచె. ఒక అడుగు పెచ్చు మీద నిలిచె. రెండో అడుగు కూడా నిలిచె. తిరిగి మా వైపు చూసి, చూస్తిరా అన్నట్టు చేతులు చాపె. అంతే. ఎండిన అప్పడం విరిగినట్టు చప్పుడు, బుస్సుమని ఎర్రటి మబ్బు.

మబ్బు దిగినాక చూస్తే, హొళ్ళ గారు తొడల దాకా కుజుడిలో ఉండాడు. చేతులు అట్లనే చాపి ఉండాయి. తెల్ల ప్యాంటు లేదు, తెల్ల చొక్కా లేదు, మనిషంతా జాజు పూసిన గోడ మాదిరి. మేకపిల్ల మెడ తిప్పి ఆయన్ని ఒకసారి చూసె. వేలు పైకెత్తి ఉండె, నేను చెప్పలేదా అన్నట్టు.

"కయల్," అని లోపలినుంచి మెల్లగా వినపడె. "మీ వేలు ఏమని చెప్పింది?"

"పైన పెచ్చు, లోపల పిండి, పోవద్దు అని సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మాట్లాడొద్దంటిరి సార్."

ఆయన తన ఒంటిని చూసుకోని నగేసె. నగితే పండ్లు మాత్రం తెల్లగా కనపడె. అప్పుడు బెనెడిక్ట్ నగె, నేను నగితి. కయల్ నగలేక ఏడిసె.

తాడు వేసి బయటికి లాగితిమి. ఒక బూటు రాలేదు. ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు, దులిపితే పోదు, జిడ్డు మాదిరి పట్టుకుంటాది. మా పావాయి పరక ఎత్తుకోని దులిపేదానికి వస్తా ఉంటే నేను అడ్డం పడితి. "ఏమే, పెద్దమనిషిని పరకతో కొడతావా?" నాలిక కరుచుకోని టవలు తెచ్చె.

ఆయన గట్టు మీద కూర్చోని, ఒంటి బూటుతో, రెండు చెక్కల నడుమ చట్నీ పెట్టిన తట్టువడ సెట్టు తింటా చెప్పె. "ముందర వేరే దేశం వాళ్ళ బండి ఒకటి ఆడ ఇట్లనే పెచ్చు పగిలి దిగబడి, ఇంక లేవనే లేదు. కాగితంలో ఎన్నిసార్లో చదివినాను. తొడలకి తెలిసింది ఈ పొద్దే."

"అయితే వేలు ఉంటాదా సార్?" అని కయల్.

"ఒక్కసారి జరిగింది అదృష్టం కూడా కావచ్చు. లెక్క నేను రేపటిదాకా ఆపిస్తాను. తొట్టి మళ్ళీ నింపండి, ఇట్లాంటి పెచ్చే కట్టించండి. ఈసారి వేలు కట్టేసి, కండ్లతోనే నడిపిద్దాం. ఏమైతాదో చూసి తేల్చేస్తా. అవ్వా, ఇంకొకసారి ఆ నీళ్ళు చల్లుతారా? ఇప్పుడే?"

మా పావాయి ఆయన్ని కింద నుంచి పైదాకా చూసె.

"నడిమద్యానం కళ్ళాపా? పీనుగ లేచిన ఇంట్లో చల్లతారయ్యా వేళకాని వేళ. నువ్వు ఎంత పెద్ద ఆఫీసరైనా కానీ. రేప్పొద్దున వస్తే చల్లతా."

"మేం తీసుకోని చల్లుకుంటామవ్వా, బకెట్ ఇస్తే చాలు," అని బెనెడిక్ట్.

"నా వాకిట్లో ఇంకొకరు చల్లేదా?"

ఆ మాటతో అయిపోయె. రాకెట్ల ఆఫీసు లెక్కంతా మా పావాయి కళ్ళాపి వేళ కోసం నిలిచిపోయె. హొళ్ళ గారు నా పంచె కట్టుకోని, ఉలవచారుతో అన్నం తినేసి, మా వసారాలో పడుకునె.

తెల్లారి ఆయనే పేడ బకెట్ మోసె. మా పావాయి ముందర చల్లతా పోతా ఉంటే, ఆయన వెనక. "ఇంత చిక్కన ఎందుకవ్వా? చెయ్యి అట్ల తిప్పేదెందుకు?" అని చంటిపిల్లోడు అడిగినట్టు అడగతా ఉండె. "ఊరికే మోయవయ్యా, ఒలికిపోతాది," అని ఇది.

పెచ్చు ఆరినాక మేకపిల్ల వేలిని దారంతో కట్టేసి వదిలిరి. కండ్లు రెండూ తెరుచుకోని, తల ఎత్తుకోని, కొత్తపెండ్లికొడుకు మాదిరి పోయె. తొట్టి మీదికి నేరుగా ఎక్కె. పెళుక్కుమనె. పొట్టదాకా దిగబడి, ఆరు చక్రాలూ గిరగిరా తిరగతా, ఎర్రటి దుమ్ము అందురి మొఖాన కొట్టె. బెనెడిక్ట్ తన పెట్టె మూసేసె.

దాన్ని లాగి, దారం విప్పి, పక్కనే ఇంకా విరగని చోట విడిచిరి. నాలుగడుగులు వేసి ఆగి, పొడిచి చూసి, వెనక్కి తిరిగి, తొట్టిని చుట్టుకోని, ముగ్గు పక్కగా పోయి అవతల కొస చేరె.

హొళ్ళ గారు ఆ వేలు దగ్గరికి పోయి వంగి, దారం పోగు ఇంకా అంటుకోని ఉంటే తన చేత్తోనే తీసేసె. "ఇది కుజుడి మీదికి పోతాది కయల్. ఇది లేకుండా బండి కదలదు."

బరువు తగ్గించాల కదా మరి. బెనెడిక్ట్ పెట్టిన రెండు కండ్లలో ఒకటి తీసేసిరి. అప్పటినుంచి వాడు మా ఇంటికి ఫోన్ చేస్తే మా పావాయి, "ఒంటికన్ను తంబీ, అన్నం తింటివా?" అనే అడగతాది.

పోయే పొద్దు దుమ్మంతా ఎత్తి లారీలకి పోసిరి. మా పావాయికి పండగ. పరక మీద ఒట్టు తీరిపోయింది కదా, గచ్చంతా ఒక్కటే ఊడ్చె. కయల్ కాళ్ళకి మొక్కి జీపు ఎక్కతా ఉంటే, ఇది కిటికీ పట్టుకోని అడిగె.

"అది సరే అమ్మణ్ణీ, ఆడికి పోయినాక దాని వీపు మీద దుమ్ము పడితే ఎవురు తుడుస్తారు? ఎండ తాగలేక ఆకలితో చచ్చిపోదా నా మేకపిల్ల?"

"గాలొస్తాదవ్వా. అప్పుడప్పుడు సుడిగాలి వచ్చి ఊడ్చేస్తాది."

మా పావాయికి మనసు ఒప్పలేదు.

"గాలి ఊడిస్తే మూలల్లో ఉండిపోతాది తల్లీ," అనె. "ఆ వేలుకి ఒక చిన్న గుడ్డముక్క కట్టి పంపకూడదా?"

కయల్ హొళ్ళ గారి వైపు చూసె. హొళ్ళ గారు నా పంచెలోనే ఉండాడు ఇంకా, గుడ్డముక్క బరువెంతో కాబోలు, వేళ్ళు మడిచి లెక్క వేస్తా ఉండె.